వేటచేపకు పొత్తు కుదిర్చేదెట్లా?

– బి.ఎస్సీ. తృతీయ సంవత్సరం, జంతుశాస్త్ర విద్యార్థి

పెద్ద చేప చిన్న చేపను మింగడాన్ని మన పెద్దలు మత్స్యన్యాయం అన్నారు. దండం పట్టే రాజు లేనిచోట బలవంతుడు బలహీనుణ్ణి మింగేస్తాడని చెప్పడానికి కౌటిల్యుడు అర్థశాస్త్రంలో ఈ మాటనే వాడుకున్నాడు. రాజనీతి చదివేవారికి ఆ పోలిక చాలు. జంతుశాస్త్రం చదివేవారికి మాత్రం ఇంకొక ప్రశ్న మిగిలిపోతుంది. పెద్దది చిన్నదాన్ని మింగుతూనే ఉంటే, ఒక్క చెరువులో కొర్రమీనూ, వాలుగా, బొచ్చే, పరకా అన్నీ కలిసి తరతరాలుగా ఎట్లా బతుకుతున్నాయి? చెరువులో కుదిరిన ఆ పొత్తు మన ఇంట్లో అద్దాల తొట్టిలో ఎందుకు కుదరడం లేదు?

ఇది పరీక్ష కోసం చదువుకునే ప్రశ్న మాత్రమే కాదు. నగరంలో చేపలు పెంచే సరదా బాగా పెరిగింది. ఆస్కార్, ఫ్లవర్‌హార్న్, అరవానా వంటి వేటచేపలు బజార్లో సులభంగా దొరుకుతున్నాయి. మాది మేడ్చల్‌కూ శామీర్‌పేటకూ నడుమ ఉన్న ఒక పల్లె; వ్యవసాయ కుటుంబం. పొలంలో ఉన్న నీటికుంటలో ఈ ఏడు చేపపిల్లలు పోయాలని మా నాయిన ఆలోచన. కొర్రమీనుకు ధర ఎక్కువ, బొచ్చెకు తూకం ఎక్కువ. రెండూ కలిపి పోస్తే ఎట్లుంటుందని ఆయన అడిగాడు. ఇక్కడ జవాబు తప్పితే పోయేవి మార్కులు కావు, ఇంటి డబ్బు. అందుకని పుస్తకంలో చదివిందీ, చెరువుగట్టు మీద విన్నదీ కలిపి ఈ పాఠం రాస్తున్నాను. నేను చెప్పబోయేది ఒక్కటే: వేటచేపకు తోడు వెతికేటప్పుడు దాని కోపాన్ని చూసి లాభం లేదు, అయిదు విషయాలు కొలవాలి. అవి నోరు, మట్టం, దాపు, నీరు, ఈడు.

మన నీళ్ళలోని వేటగాళ్ళు

ముందుగా చెప్పుకోవలసింది కొర్రమీను. కోస్తా జిల్లాల్లో దీన్ని కొర్రమట్ట అంటారు. శాస్త్రీయనామం చన్నా స్ట్రయేటా. 1793లో బ్లాక్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు దీన్ని వర్ణించి పేరు పెట్టాడు. తెలంగాణ ప్రభుత్వం 2016లో దీన్నే రాష్ట్ర చేపగా ప్రకటించింది. తల పాము తలను పోలి ఉంటుంది. దీనికి చిన్న దాయాది మట్టగిడిస, పెద్ద దాయాది పూమీను. ఈ కుటుంబమంతా మాంసాహారులే.

రెండవది వాలుగ. పొలుసు లేని చేప. నోరు చీలిక కన్ను దాటి వెనక్కి పోతుంది, దవడల నిండా సన్నని పళ్ళు. జెల్లలు, మార్పులు వీటికన్నా చిన్న వేటగాళ్ళు. దొరికితే పురుగు, రొయ్య, చేపపిల్ల ఏదైనా తింటాయి.

వేట పద్ధతిలో వీటికి తేడా ఉంది. కొర్రమీను గడ్డిలోనో తూటికాడల కిందనో కదలకుండా పొంచి ఉండి, దగ్గరికి వచ్చినదాన్ని ఒక్క ఉరుకులో పట్టుకుంటుంది. వాలుగ రాత్రిపూట అడుగున తిరుగుతూ వెతుక్కుంటుంది. పక్కన ఎవరిని ఉంచవచ్చునో తేల్చేటప్పుడు ఈ తేడా పనికివస్తుంది.

మొదటి కొలత: నోరు

చేపకు చేతులు లేవు. కొర్రమీను, వాలుగ, ఆస్కార్ వంటివి ఆహారాన్ని నమిలి ముక్కలు చేసుకోవు. చాలావరకు పూర్తిగా మింగుతాయి. కాబట్టి వాటి ఆకలికి హద్దు పొట్ట కాదు, నోరు. తెరిచిన నోట్లో పట్టే ప్రతిదీ మేతే, పట్టనిది పొరుగు. ఇంత సూటి సూత్రాన్ని కూడా మనం తప్పుగా లెక్కపెడతాం. ఎందుకంటే చేపను చూడగానే మన కన్ను తల నుంచి తోక దాకా పొడవును కొలుస్తుంది. మింగుడుకు అడ్డుపడేది పొడవు కాదు. వీపు నుంచి పొట్ట దాకా ఉండే ఒంటి ఎత్తు.

మా ఊరి చెరువులో వల వేసే ఒక పెద్దాయనను దీని గురించి అడిగాను. “తోక జూసి కాదు బిడ్డా, నడుం జూసి లెక్కగట్టాలె. సన్నంగుంటే బెత్తెడున్నా మింగుతది, గుండ్రంగుంటే అంతకన్న పొట్టిదాన్ని గూడ ఇడిసిపెడ్తది” అన్నాడు. పరకకూ బొచ్చెకూ ఉన్న తేడాను ఆయన రెండు ముక్కల్లో చెప్పాడు.

ఇదే సంగతిని స్వీడన్‌లో శాస్త్రజ్ఞులు 1992లో ప్రయోగపూర్వకంగా చూపించారు. అక్కడి చెరువుల్లో క్రూషియన్ కార్ప్ అనే చేప ఉంటుంది. మన బంగారు తీగకు దూరపు బంధువు. పైక్ అనే వేటచేప ఉన్న నీళ్ళలో పెరిగిన క్రూషియన్ కార్ప్‌కు ఒంటి ఎత్తు ఎక్కువగా పెరిగింది. పైక్ లేని నీళ్ళలో పెరిగినది సన్నగానే ఉండిపోయింది. అంటే శత్రువు నోటికి పట్టకుండా ఉండేటట్టు చేప తన ఒంటినే మార్చుకుంటోందన్నమాట. ప్రకృతి కొలిచేది కూడా నడుమునే.

మన రాష్ట్రంలో చేపపిల్లల పంపిణీలో కూడా ఈ సూత్రం కనబడుతుంది. 2016-17లో మొదలైన ఉచిత చేపపిల్లల పథకంలో, ఎండాకాలం ఎండిపోయే చెరువులకు 35 నుంచి 40 మి.మీ. పిల్లలనూ, ఏడాది పొడుగునా నీళ్ళుండే పెద్ద చెరువులకు, జలాశయాలకు 80 నుంచి 100 మి.మీ. పిల్లలనూ నిర్ణయించారు. ఏటా ఎండిపోయే కుంటలో వేటచేప పెద్దదై నిలవడం తక్కువ. నీళ్ళు ఎండని చెరువులో ముదురు కొర్రమీను, ముదురు వాలుగ ఎప్పుడూ కాచుకుని ఉంటాయి. అక్కడ అంగుళంన్నర పిల్లను పోస్తే దానికి నడుమెక్కడిది? మా నాయిన మాటల్లో చెప్పాలంటే, “గది చాపలు పెంచుడు గాదు, కొర్రమీనుకు మేతేసుడు.” చెరువు మీద బతికే మత్స్యకార కుటుంబాలకు ఈ 50 మి.మీ. తేడా ఏడాది కష్టంతో సమానం.

నోటి లెక్క ఒకే జాతి చేపలకు కూడా వర్తిస్తుంది. కొర్రమీను పిల్లల్లో కొన్ని త్వరగా పెరిగి, వెనకబడ్డ తోబుట్టువులనే మింగుతాయి. అందుకే కొర్రమీనును ప్రత్యేకంగా పెంచే రైతులు పిల్లలను తరచు పట్టి, పెద్దవి ఒకచోట, చిన్నవి ఒకచోట వేరుచేస్తారు. ఆస్కార్‌లను జంటగా కొనేవారు కూడా ఒకే సైజువి ఏరుకోవాలి.

ఇక ముళ్ళ సంగతి. జెల్లకు వీపు మీదా, రెండు పక్కలా గట్టి ముళ్ళుంటాయి. అపాయం రాగానే వాటిని బిగించి నిలబెడుతుంది. వేటచేప తొందరపడి మింగితే ముల్లు గొంతులో అడ్డంపడి ఇద్దరూ చస్తారు. కాబట్టి ‘జెల్లకు ముళ్ళున్నాయి, దాన్నెవరు తింటారు?’ అని చిన్న జెల్లను వేటచేప పక్కన ఉంచరాదు. ముల్లు కాపాడుతుందని నమ్మేముందు నడుము కొలవాలి.

రెండవ కొలత: మట్టం

ఒకే ఇంట్లో ముగ్గురు అన్నదమ్ములు మూడు పోర్షన్లలో కాపురం చేసినట్టు, ఒకే నీళ్ళలో చేపలు మూడు మట్టాల్లో ఉంటాయి. బొచ్చె పైనీటిలో తేలాడే సూక్ష్మజీవులను వడగట్టి తింటుంది. దాని నోరు పైకి తిరిగి ఉంటుంది. రోహు నడిమి నీటిలో మేస్తుంది. మ్రిగాల నోరు కిందికి ఉంటుంది; అడుగున కుళ్ళిన ఆకు అలము, బురదలోని పదార్థం తింటుంది. ఒకరి కంచంలో ఒకరు చెయ్యి పెట్టరు. ఈ సూత్రం మీదనే మన దేశంలో మిశ్రమ చేపల పెంపకం నిలబడింది. దాని మీద అఖిల భారత సమన్వయ పరిశోధన పథకం 1971లో మొదలైంది.

ఇక్కడ ఒక చిన్న చరిత్ర చెప్పుకోవాలి. పూర్వం చేపపిల్లలను వానాకాలంలో నదుల నుంచి పట్టి తెచ్చేవారు. ఆ పిల్లల్లో బొచ్చె, రోహులతోపాటు వాలుగ, మట్టజాతుల పిల్లలు కూడా కలిసి వచ్చేవి. అంత చిన్న ఈడులో వాటిని వేరుచేయడం కష్టం. రైతు తన చేతులతోనే దొంగను ఇంట్లోకి తెచ్చుకున్నట్టయ్యేది. 1957 జూలై 10న హీరాలాల్ చౌధురి ఒరిస్సాలో పిట్యూటరీ గ్రంథి రసం ఇంజెక్షన్ ఇచ్చి పెంపుడు చేపల చేత గుడ్లు పెట్టించడంలో విజయం సాధించాడు. అప్పటినుంచి ఏ జాతి పిల్లను కోరితే ఆ జాతి పిల్లనే పొందే వీలు కలిగింది. అందుకే జూలై 10ని మనం జాతీయ మత్స్య రైతు దినంగా జరుపుకుంటున్నాం.

తొట్టికీ ఇదే లెక్క. వేటచేప ఏ మట్టంలో ఎక్కువసేపు ఉంటుందో దాని తోడు ఆ మట్టంలో ఉండకపోవడం మంచిది. అరవానా పైనీటి చేప. దాని కళ్ళు, నోరు పైకే చూస్తాయి. దానికి పైనే తిరిగే చిన్న చేపను జతచేస్తే ఎదురుగా వడ్డించినట్టే. అడుగున తిరిగే పెద్ద ఒంటి చేప అయితే దానితో తగవు తక్కువ.

మూడవ కొలత: దాపు

గాస్ అనే రష్యన్ జీవశాస్త్రజ్ఞుడు 1934లో ప్రచురించిన ప్రయోగం మన పాఠ్యపుస్తకాల్లో ఉంటుంది. చాలామంది పరీక్షకు చదివి మరిచిపోతారు. పరీక్షనాళికలో పారమీషియాన్నీ, దాన్ని తినే డిడినియాన్నీ కలిపి ఉంచాడు. డిడినియం పారమీషియాలన్నిటినీ తినేసి, ఆ తరువాత తినడానికేమీ లేక తానూ చచ్చింది. రెండవసారి నాళిక అడుగున మడ్డి ఉండనిచ్చాడు. కొన్ని పారమీషియాలు ఆ మడ్డిలో దాక్కున్నాయి. పైన దొరికినవాటిని తిని డిడినియం ఆకలితో చచ్చింది. దాక్కున్నవి తిరిగి పెరిగాయి. మూడవసారి కొద్దిరోజులకొకసారి బయటినుంచి రెండు జాతులనూ కొద్దికొద్దిగా చేరుస్తూ పోయాడు. అప్పుడు రెండూ ఎక్కువకాలం కలిసి బతికాయి.

మొదటి నాళిక అంటే మన అద్దాల తొట్టి. నాలుగు మూలలూ కనబడుతుంటాయి. పారిపోవడానికి చోటు లేదు. మూడవ నాళిక అంటే మన చెరువు. తుంగ, తామరాకు, రాళ్ళకట్ట సందులు దాపు. వానాకాలంలో పై చెరువు అలుగుపారి కొత్త చేపలు దిగుతాయి. అందువల్లనే చెరువులో పరక నశించదు, కొర్రమీను పస్తుండదు. చెరువులో జరిగేదాన్ని చూసి ‘అక్కడ కలిసి ఉంటాయి గదా, తొట్టిలో ఎందుకుండవు?’ అని వాదించేవారికి ఇదే జవాబు. చేపలు మారలేదు, చోటు మారింది.

మా పాత వ్యవసాయ బావిలో దీన్ని నేను ఎండాకాలం సెలవుల్లో చూసేవాణ్ణి. బావిలో కొర్రమీనులుండేవి, పరకలూ ఉండేవి. పరకలు ఎప్పుడూ దరి రాళ్ళ సందుల దగ్గరే గుంపుగా తిరిగేవి. నడిబావిలోకి వచ్చినది తిరిగి పోవడం అరుదు. ఆ రాతికట్టు లేకుండా సిమెంటు వరలు దించిన బావిలో పరకలకు ఆ సందులెక్కడివి?

కాబట్టి తొట్టిలో రాళ్ళు, పగిలిన కుండపెంకులు, చెక్కమొద్దులు, మొక్కలు అందానికి మాత్రమే అనుకోవద్దు. అవి చూపుకు అడ్డు. రెండు చేపల మధ్య చూపు తెగితే సగం పోట్లాట తగ్గుతుంది. అయితే నోట్లో పట్టే చేపను దాపు ఎల్లకాలం కాపాడలేదు. దాపు పొరుగుకు ఉపకారం చేస్తుంది. మేతను పొరుగుగా మార్చదు.

నాలుగవ కొలత: నీరు, ఊపిరి

ఒకే నీళ్ళలో ఉన్నంత మాత్రాన అందరికీ ఒకే గాలి అందదు. కొర్రమీనుకు మొప్పలతోపాటు తలలో ప్రత్యేకమైన గాలి గది ఉంటుంది. అది మాటిమాటికీ పైకి వచ్చి గాలి మింగుతుంది. పైకి రానివ్వకుండా ఆపితే నీళ్ళలోనే ఊపిరాడక చస్తుంది. అందుకే నీళ్ళు తగ్గిన కుంటలో, బురదలో కూడా అది బతుకుతుంది. బొచ్చె, రోహులకు ఆ సౌకర్యం లేదు. నీళ్ళలో కరిగిన ఆక్సిజనే వాటి ఆధారం. కిక్కిరిసిన కుంటలో మబ్బు పట్టిన రోజు తెల్లవారుజామున ముందుగా తేలిపోయేవి అవే. కొర్రమీను నిక్షేపంగా ఉండడం చూసి నీళ్ళు బాగున్నాయనుకుంటే మోసపోతాం.

వేటచేప మేత మాంసకృత్తులతో నిండినది. మాంసకృత్తుల నుంచి వచ్చే నత్రజని వ్యర్థం అమ్మోనియాగా మొప్పల ద్వారా నీళ్ళలోకి వస్తుంది. నీళ్ళలోని సూక్ష్మజీవులు దాన్ని ముందు నైట్రైట్‌గా, తరువాత నైట్రేట్‌గా మారుస్తాయి. మొదటి రెండూ విషం. మూడవది కొంత మేలు. ఈ సూక్ష్మజీవులు కొత్త తొట్టిలో స్థిరపడడానికి కొన్ని వారాలు పడుతుంది. నీళ్ళలో క్షారగుణం, వేడి పెరిగినకొద్దీ అమ్మోనియా విషం ఎక్కువవుతుంది. మనం వాడే కొళాయి నీళ్ళలో క్లోరిన్ ఉంటుంది. అది చేపకూ ఈ సూక్ష్మజీవులకూ చేటు. నీళ్ళను ముందు రోజు పట్టి నిలవ ఉంచడమో, ఫొటోగ్రాఫర్లు వాడే హైపోను కొద్దిగా కలపడమో చేయాలి.

ఇందువల్ల తేలేదేమంటే, వేటచేప ఉన్న తొట్టిలో తోడు చేపకు నీళ్ళు కూడా లెక్క చూసుకోవాలి. ఒక్క ఆస్కార్‌కే 250 నుంచి 300 లీటర్ల తొట్టి కావాలి. దాని పక్కన ఇంకొకటి చేరితే నీళ్ళూ పెరగాలి, వారంవారం మార్చే నీళ్ళ వంతూ పెరగాలి. అట్లాగే కొర్రమీను జాతి చేపల తొట్టికి గట్టి మూత ఉండాలి. అవి ఎగిరి దూకుతాయి. కాని నీళ్ళకూ మూతకూ మధ్య నాలుగు వేళ్ళ ఖాళీ ఉంచాలి, లేకపోతే గాలి ఎక్కడ మింగుతాయి?

అయిదవ కొలత: ఈడు

అంగట్లో మనం కొనేది పిల్లను, పెంచేది పెద్దదాన్ని. ఈ ఒక్క మాట మరిచిపోవడం వల్లనే ఎక్కువ తొట్లు పాడవుతున్నాయి. ఆస్కార్ రెండంగుళాల పిల్లగా ఇంటికి వచ్చి సుమారు అడుగు పొడవు పెరుగుతుంది. దక్షిణ అమెరికాకు చెందిన రెడ్‌టెయిల్ క్యాట్‌ఫిష్ మీటరు దాటుతుంది. ఎలిగేటర్ గార్ రెండు మీటర్లకు కూడా పెరుగుతుంది. ఈ రోజు పక్కపక్కన ఆడుకున్న రెండు పిల్లల్లో ఒకటి ఆరు నెలల తరువాత రెండవదాని నోట్లో పట్టవచ్చు. అందుచేత జత కుదిర్చేటప్పుడు ఇప్పటి సైజు కాక, ఎదిగిన సైజుతో నోరు, నడుము లెక్క వేయాలి.

ఈడుతోపాటు గుడ్ల కాలం కూడా చూడాలి. కొర్రమీను వానాకాలంలో ఒడ్డున గడ్డిని పక్కకు నెట్టి గూడు చేసుకుంటుంది. గుడ్లు నీటిపై తేలుతాయి. ఎర్రటి పిల్లల గుంపు కింద తల్లీతండ్రీ కాపలా తిరుగుతాయి. ఆ రోజుల్లో చెయ్యి పెడితే మనిషినే కరుస్తాయి. ఏడాదంతా సాధువుగా ఉన్న చేప ఆ నెలలో తొట్టంతా తనదే అంటుంది. ఆస్కార్ వంటి సిక్లిడ్ చేపలు కూడా అంతే. ఇది దుర్మార్గం కాదు, పిల్లల మీద మమకారం. జంట కుదిరిందని తెలియగానే మిగతావాటిని వేరే తొట్టికి మార్చడమే మార్గం.

మా కుంట లెక్క

ఈ అయిదు కొలతలతో మా నాయిన ప్రశ్నకు జవాబు చెప్పాను. మా కుంట సుమారు పది గుంటలు. బొచ్చె, రోహు, మ్రిగాల పిల్లలతోపాటు కొర్రమీనును ఒకేసారి పోయరాదు. నోటి లెక్కలోనే తప్పిపోతుంది. ముందుగా కుంటలో ఇదివరకే చేరిన మట్టగిడిసలు, జెల్లలు తీసివేయాలి. మాటిమాటికీ వల లాగడం ఒక పద్ధతి. ఇప్పపిండి చల్లడం ఇంకొకటి. మీటరు లోతున్న హెక్టారు నీటికి 2,500 కిలోలు సిఫారసు. హెక్టారుకు దాదాపు వంద గుంటలు కాబట్టి మాకు సుమారు 250 కిలోలు కావాలి. ఇప్పపిండిలోని సాపోనిన్ చేప ఎర్ర రక్తకణాలను పగలగొడుతుంది. ఆ తరువాత కుళ్ళి ఎరువవుతుంది. చల్లిన మూడు వారాలకు గాని కొత్త పిల్లలు పోయరాదు. ఇది సొంత కుంటకు చెప్పిన మాట; ఊరుమ్మడి చెరువుకు కాదు. అక్కడ అది అన్ని చేపలనూ చంపుతుంది.

ఆ తరువాత 80 నుంచి 100 మి.మీ. పిల్లలు పోయాలి. నీళ్ళు వచ్చే కాలువకు సన్నని జాలి కట్టాలి. బొచ్చెలు పావుకిలో దాటిన తరువాత, కావాలనుకుంటే కొద్దిపాటి చిన్న కొర్రమీనులను వదలవచ్చు. అప్పటికి బొచ్చె నడుము వాటి నోటికి అందదు. బొచ్చె, రోహు, మ్రిగాల నిలవ నీటిలో గుడ్లు పెట్టవు కాబట్టి వాటి పిల్లలు పోతాయన్న భయమూ లేదు. పైగా మేతలో వాటా పంచుకునే పరకలనూ, అదుపు లేకుండా పిల్లలు పెట్టే తిలాపియానూ కొర్రమీను తగ్గిస్తుంది. 1952లో మన దేశానికి వచ్చిన తిలాపియా పిల్లలను నోట్లో పెట్టుకుని సాకుతుంది. అందుకే దాని సంతతి అంత త్వరగా పెరుగుతుంది. దానికి కళ్ళెం వేయడానికి వేటచేపను వాడడం చాలా దేశాల్లో ఉన్న పద్ధతే. అంటే వేళ తెలిసి పొత్తు కుదిరిస్తే వేటచేప కుంటకు శత్రువు కాదు, కూలి అడగని పనివాడు.

ఇదంతా విని మా నాయిన, “అయితే ముందు బొచ్చె, ఎనుక కొర్రమీను. వరసనే ముఖ్యమన్నట్టు” అన్నాడు. నేను ఇన్ని పేజీల్లో చెప్పింది ఆయనకు ఒక్క వాక్యంలో అందింది.

తొట్టికి కుదిరేవి, కుదరనివి

మిత్రులకు వెంటనే పనికివచ్చేటట్టు కొన్ని జతలు చెబుతాను.

ఆస్కార్‌కు సిల్వర్ డాలర్ మంచి తోడు. పళ్ళెంలాగా గుండ్రటి ఒళ్ళు; ఎదిగితే అరడుగు దాకా ఉంటుంది; ఆకుకూర తినే చేప గనుక మేతకు పోటీ రాదు. గుంపుగా తిరుగుతుంది కాబట్టి అయిదారింటిని పెట్టాలి, అందుకు తగిన పెద్ద తొట్టి ఉండాలి.

ఆస్కార్‌కు నియాన్ టెట్రా, గప్పీ పనికిరావు. అవి తోడు కావు, చిరుతిండి.

గోల్డ్‌ఫిష్‌ను మేతగా గాని తోడుగా గాని పెట్టరాదు. దాని శరీరంలో థయమినేజ్ అనే ఎంజైము ఉంది. తరచు తింటే వేటచేపకు బి1 విటమిన్ లోపం వస్తుంది. బజారు నుంచి వచ్చే మేతచేపల వెంట రోగాలు కూడా వస్తాయి.

ఫ్లవర్‌హార్న్ మనుషులు సంకరం చేసి పుట్టించిన చేప. చాలావరకు ఒంటరి కాపురమే దానికి హాయి. తోడు దొరకలేదని జాలిపడనక్కరలేదు.

కొర్రమీను, మట్టగిడిసలను తొట్టిలో ఉంచితే వేరుగా ఉంచడమే మేలు.

ఏ కొత్త చేపనైనా రెండు మూడు వారాలు వేరే తొట్టిలో ఉంచి, రోగం లేదని తేలాక కలపాలి. కలిపే రోజు రాళ్ళు, మొక్కలు అటూ ఇటూ మార్చితే పాత చేపకు తన హద్దులు చెరిగిపోతాయి. కొత్తదాన్ని తరమడం తగ్గుతుంది. వేటచేపకు ముందుగా కడుపునిండా మేత వేసి, దీపం ఆర్పి కలపడం మంచిది.

తొట్టి నుంచి చెరువుకు

చివరి మాట, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది. తప్పు జత కొన్న మనిషి ఏం చేస్తాడు? కొన్నాళ్ళకు తొట్టిలో ఒక్క వేటచేపే మిగిలి, తొట్టికి పట్టనంత పెరుగుతుంది. చంపడానికి చేతులు రావు. అప్పుడు ఆదివారం బండి మీద తీసుకుపోయి, ఏదో ఒక చెరువులో వదిలి, పుణ్యం చేశాననుకుని తిరిగివస్తాడు. నగరానికి ఉత్తరాన మేడ్చల్, శామీర్‌పేట వైపు చెరువులు అందుకు అందుబాటులో ఉన్నాయి. నిజాం కాలంలో కట్టిన శామీర్‌పేట పెద్ద చెరువు సికింద్రాబాద్‌కు సుమారు 25 కిలోమీటర్ల దూరమే. విహారానికి వచ్చేవారు ఎక్కువ.

ఆ పుణ్యం ఎవరి నెత్తిన పడుతుందో ఆలోచించండి. తూర్పు ఆఫ్రికాలోని విక్టోరియా సరస్సులో 1950, 60 ప్రాంతాల్లో నైల్ పెర్చ్ అనే పెద్ద వేటచేపను వదిలారు. ఆ సరస్సులో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేని వందలాది రకాల చిన్న చేపలుండేవి. 1980ల నాటికి వాటిలో చాలాభాగం కనుమరుగయ్యాయి. మన దేశంలో ఆఫ్రికా క్యాట్‌ఫిష్ పెంపకాన్ని కేంద్ర ప్రభుత్వం 2000లో నిషేధించింది. కారణం అదే, అది దేశవాళీ చేపలను మింగుతుంది. అద్దం నాకుతుందని తొట్లలో వేసుకునే సక్కర్ చేప కూడా చెరువుల్లోకి, నదుల్లోకి చేరింది. దాని గరుకు పెంకు వలలను చింపుతుంది, కొనేవాడు ఉండడు. వల పాడైతే కొత్త వల ఖర్చు జాలరిదే. తొట్టి యజమానిది కాదు.

మన కొర్రమీను కూడా వేటచేపే గదా అంటారేమో. కాని కొర్రమీనూ పరకా ఒకదానినొకటి ఎరిగి ఎదిగాయి. ఎక్కడ దాక్కోవాలో పరకకు తెలుసు; ఎక్కడ పొంచి ఉండాలో కొర్రమీనుకు తెలుసు. నిన్న వచ్చిన ఎలిగేటర్ గార్ సంగతి మన పరకకు తెలియదు. అయిదు కొలతల్లో ఒక్కటి కూడా కొలవకుండా చెరువంతటికీ జత కుదిర్చడమే ఈ వదలడం. తొట్టిలో తప్పితే నాలుగు చేపలు పోతాయి. చెరువులో తప్పితే వెనక్కి తీసుకోవడం ఎవరి తరమూ కాదు.

కాబట్టి వేటచేపను పెంచాలని ఉబలాటపడే మిత్రులకు నా మనవి: కొనేముందే అయిదు కొలతలూ వేయండి. ఎదిగినప్పుడు ఎంత తొట్టి కావాలో లెక్కకట్టండి. పెంచలేని రోజు వస్తే అమ్మిన అంగడికో, ఇంకొక పెంపకందారుకో ఇవ్వండి. చెరువుకు మాత్రం ఇవ్వకండి. మన జంతుశాస్త్ర విభాగం వారు ఒక్క పెద్ద తొట్టి ఏర్పాటుచేసి, అటువంటి చేపలను విద్యార్థుల నుంచి స్వీకరిస్తే మాకు ప్రయోగానికి ప్రయోగమూ అవుతుంది, చెరువుకు మేలూ జరుగుతుంది. విద్యార్థి సంఘం వచ్చే ఏడు ఈ పని చేపడుతుందని ఆశిస్తున్నాను.